చేతొడుగులు తొడిగిన రోజు

నేను ఒక లేతు మిషన్ని. కర్రను గిరగిరా తిప్పుతాను. మనిషి ఉలి ఆనిస్తే అది అప్పడాల కర్రో, మంచంకోడో అవుతుంది. విజయనగరం జిల్లాలో ఒకానొక హైస్కూల్లో, వడ్రంగం నేర్పే రేకుల షెడ్డులో ముప్పై ఏళ్లుగా ఉన్నాను. ఇన్నేళ్లలో ఏ పిల్ల వేలికీ గీత పడలేదు. ఆ గొప్ప నాది కాదు లెండి, వీరాచారి మేష్టారిది. ఆయన గాజులు తీయించి, జడ ముడి వేయించి, ఒట్టి చేతులు చూపించమనేవారు. వేలికి గుడ్డపీలిక చుట్టుకున్నా సరే, ఆ రోజుకి నా దగ్గరికి రానిచ్చేవారు కాదు.

ఆయన రిటైరై ఆరేళ్లయింది. ఆ ఉద్యోగానికి వచ్చినవాళ్లలో పని తెలిసినవాళ్లకు డిగ్రీ లేదన్నారు. డిగ్రీ ఉన్నాయన నన్ను చూసి పిండిమర అనుకున్నాడు. మనుషుల తీరే అంత అనుకుని దుమ్ము కొట్టుకుపోయి పడున్నాను.

మొన్న సోమవారం తనిఖీ అన్నారు. తరగతి నడుస్తున్నట్టు కనబడాలని హెడ్మాస్టరుగారు, సోషల్ చెప్పే సత్యప్రసాద్ మేష్టారిని ఆ పొద్దున్నే నా దగ్గరికి తోలారు. పాపం, మంచాయన. పిల్లల చేతులు జాగ్రత్త అని సొంతంగా లావుపాటి నూలు చేతొడుగులు కొనుక్కొచ్చారు. వాటిని చూడగానే నా పై ప్రాణాలు పైనే పోయాయి. తిరిగే కర్రకు ఒక్క పోగు చిక్కితే చాలు, చెయ్యంతా లాగేసుకుంటాను. నాకై నేను ఆగలేను. చెబుదామంటే నోరా లేదు!

పదో తరగతి పైడితల్లి ముందుకొచ్చింది. ఎన్నాళ్ల నుంచో కిటికీలోంచి నన్ను ఆశగా చూసే పిల్ల.

"ఒదులుగున్నాయి మేస్టారూ," అంది.

"ఉండనీ అమ్మా, చేతులకి రక్ష," అన్నారాయన.

స్విచ్చి నొక్కారు. వద్దు తల్లీ, వద్దు అని లోలోపల మొత్తుకుంటూనే తిరుగుతున్నాను. ఉలి ఆనించిందో లేదో, బొటనవేలి దగ్గర పోగు కర్రకు చిక్కింది. పిల్ల కెవ్వుమంది. ఉలి ఎగిరి రేకులకు తగిలింది. చేతొడుగు నాకు చుట్టుకుని టపటపా కొట్టుకుంటోంది. అందులో వేళ్లున్నాయో లేవో నాకు తెలియలేదు. అమ్మ బాబోయ్, అంత భయం నా జన్మలో ఎరగను.

మేష్టారు మెయిన్ స్విచ్చి ఆపేసి, ఆ పిల్ల చెయ్యి పట్టుకుని ఒక్కొక్క వేలూ తడిమి చూశారు. అయిదూ ఉన్నాయి. వదులుగా ఉండబట్టి చేతొడుగు ఊడొచ్చింది, బిగుతుదైతే చెయ్యి పోయేదే. ఆయన నేల మీద కూలబడ్డారు.

"నాకీ పని రాదమ్మా. రాదని చెప్పడానికి సిగ్గేసింది."

"ఆ మాటే ఆపీసరుగారికి సెప్పండి మేస్టారూ. పనొచ్చినోల్ని పంపమనండి. నానైతే నేర్సుకోడం మానను," అంది పైడితల్లి ఏడుస్తూనే.

మేష్టారు లేచి, సుద్దముక్కతో బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాశారు: ఈ తరగతికి నేర్పేవారు లేరు.

కేక విని హెడ్మాస్టరుగారు పరుగెత్తుకొచ్చారు. పిల్ల చేతికేసి ఒకసారి, బోర్డుకేసి ఒకసారి చూశారు.

"తనిఖీవాళ్ల జీపు గేటు దగ్గరికొచ్చేసిందయ్యా, ఇదేం రాత!" అంటూ డస్టరు అందుకున్నారు.

పైడితల్లి కళ్లు తుడుచుకుంది. వెళ్లి బోర్డుకు అడ్డంగా నిలబడింది.