రెక్క ఊడిన కిటికీ

మేడ మీది కిటికీ రెక్క చట్రంలో లేదు. కింద బాట మీద అద్దం పెంకుల మధ్య బోర్లా పడి ఉంది, పైన ఖాళీ అయిన చోట ఎనిమిదేళ్ల కూతురు ఒంటిచేత్తో చట్రం పట్టుకుని కిందికి చూస్తోంది.

చప్పుడు విని వెనక షెడ్డులోంచి పరుగెత్తుకొచ్చిన తల్లి బాట మీది నుంచే అరిచింది.

"చట్రం వదలకు! కాదు, వదిలేసి లోపలికి జరుగు! వద్దు, పట్టుకునే జరుగు!"

"ఏదో ఒకటి చెప్పమ్మా," అంది పిల్ల ఏడుపు గొంతుతో.

మెట్లు ఎలా ఎక్కిందో ఆమెకే తెలియదు. పిల్లను లాగి ఒళ్లో వేసుకుని తల, మెడ, చేతులు తడిమింది. మోచేతి మీద గీరుకుపోయింది తప్ప దెబ్బ లేదు.

"నేనేం చెయ్యలేదమ్మా. రంగు ఆరింది, ఇవాళ తెరవచ్చని నువ్వే అన్నావుగా. తోశాను. కిరకిరమంది. కింద ఊడొచ్చి పై మూల పట్టుకుని వేలాడింది. భయమేసి వెనక్కి దూకాను. అప్పుడు పడిపోయింది."

"రెక్క పట్టుకుని వంగావా?"

పిల్ల తల ఊపింది. వంగింది. ఆ కిటికీకి ఊచలు లేవు. పై మూల ఆ ఒక్క క్షణం ఆగకపోతే రెక్కతో పాటు పిల్ల కూడా వెళ్లేది.

ఆ వీధిలో ఆమెను అందరూ కిటికీల కోడలు అంటారు. పాత ఇళ్ల చెక్క కిటికీలు బాగుచేయడం ఆమె పని. పుచ్చిన చోట కోసి కొత్త చెక్క అతుకుతుంది, పొరలు పొరలుగా పేరుకున్న రంగు గీకుతుంది, అద్దం బిగిస్తుంది, రెక్క మళ్లీ వేలాడదీస్తుంది. అలాగని అన్నిటినీ బతికించాలని పట్టు పట్టదు. స్క్రూడ్రైవర్ గుచ్చితే పిడి దాకా దిగిపోయే చెక్క అయితే తనే మార్చేయమంటుంది. "కదిలే పన్నుకి కట్టు వేస్తాం. పుచ్చిన పన్ను పీకేస్తాం. ఏది ఏదో చెప్పడానికే కదా నన్ను పిలిచింది?" అంటుంది. సొంత ఇంటి కిటికీలు ఒక్కొక్కటే బాగుచేసుకుంటూ వచ్చింది. మేడ మీదిది ఆఖరుది. మొన్ననే బిగించింది.

భర్త బస్సు డిపోలో మెకానిక్. కబురందగానే చేతుల గ్రీజు కూడా తుడుచుకోకుండా వచ్చాడు. పిల్లను చూశాడు. ఖాళీ చట్రం చూశాడు. అరవలేదు. అరిచినా బాగుండేదని ఆమెకు అనిపించింది.

"చాలు," అన్నాడు. "రేపు బావ వచ్చి కొలతలు తీసుకుంటాడు. అన్నీ అల్యూమినియంవే. జారుడువి."

"ఏవండీ, నేను బిగించింది గట్టిగానే..."

"గట్టిగా బిగిస్తే ఎందుకు ఊడుతుంది? నీ పని మంచిదే, కాదనను. ఒక్క స్క్రూ దగ్గర చెయ్యి జారిందేమో. మనిషన్నాక జారుతుంది. కానీ అక్కడ కూర్చుని చదువుకునేది మన పిల్ల." మెట్ల కింద నిలబడ్డ తండ్రి వైపు చూపించాడు. "నాన్న కూడా నోరెత్తలేదు, చూశావా?"

నిజమే. అల్యూమినియం మాట ఎత్తితే చాలు, "నా శవం లేచాకే ఈ కిటికీలు లేస్తాయి" అని ఇల్లెగరగొట్టే మామగారు ఆ పూట నేలచూపులు చూస్తున్నారు. కోడలికి అది కూడా తన మీద తీర్పులాగే తోచింది.

చెయ్యి జారిందేమో. ఆ మాట ముల్లులా దిగింది. జారిందేమో, నిజంగానే? ఊళ్లో ఎన్ని ఇళ్లలో తను రెక్కలు బిగించింది! ఎంతమంది పిల్లలు వాటి పక్కన నిద్రపోతున్నారు! తన చెయ్యి జారిందని తేలితే ఇక ఉలి పట్టుకోకూడదు. తేలకపోతే? అది ఇంకా ఘోరం. ప్రతి ఇంటి ముందు నడిచేటప్పుడూ తల పైకెత్తి చూసుకోవాలి.

రెక్కను షెడ్డులోకి మోసుకొచ్చి బల్ల మీద పడేసింది. మొత్తం మూడు మడతబందులు. పైదానికి తను వేసిన పొడుగు స్క్రూలే ఉన్నాయి. చట్రం చెక్కను పేళ్లు పేళ్లుగా చీల్చుకుని మరీ ఊడొచ్చాయి. అంటే చివరిదాకా అవి వదల్లేదు. నడిమిది తిప్పి చూసింది. కిందిది చూసింది. మళ్లీ నడిమిది చూసింది.

రెండింటికీ ఉన్నవి పొట్టి స్క్రూలు. రేకుపెట్టె మూతకి వేసేవి. అవి చట్రంలోకి గోరంత కూడా దిగవు. ఆమె జన్మలో అలాంటివి కొనలేదు.

తన చెయ్యి జారలేదు!

ఆ ఊరట గుటక వేసేంతసేపు నిలిచింది. జారలేదంటే ఎవరో విప్పారు. పొడుగువి తీసి, పొట్టివి పెట్టి, పైకి ఏమీ తెలియకుండా రెక్క మూసి వెళ్లారు. ఎవరో కాదు, ఇంట్లోకి వచ్చి మేడ ఎక్కగలిగిన మనిషి.

ఆమెకు ముందుగా తట్టింది ఒక్కడే. పొట్టి స్క్రూలు కొంగున ముడేసుకుని బయల్దేరింది.

భర్త చెప్పిన ఆ బావే, ఆడపడుచు మొగుడు; ఆయన దుకాణం రెండు వీధుల అవతల. గుమ్మం దాకా అల్యూమినియం కిటికీలు గోడకు చేరగిలబడి ఎండకు మెరుస్తున్నాయి.

"రా చెల్లెమ్మా," అన్నాడు ఆయన కుర్చీలోంచి లేవకుండానే. లేవాలంటే ఆయనకు పెద్ద పని. "శత్రువుల కోటలోకి ఒంటరిగా వచ్చావేంటి? సంధికా, యుద్ధానికా?"

ఆమె స్క్రూలు బల్ల మీద పోసింది. "ఇవి నీవేనా అన్నయ్యా?"

ఆయన ఒకటి తీసి చూశాడు. నవ్వు ఆగిపోయింది. "పొద్దున పడింది వీటి వల్లేనా? పిల్లకేం కాలేదుగా?"

"కాలేదు. నీవేనా?"

"చూడమ్మా. నీ కిటికీలు పాడవ్వాలని రోజూ కోరుకుంటా. పాడుచెయ్యను. మొదటిది వ్యాపారం, రెండోది నేరం. పైగా నీ మేడ మెట్లు ఎక్కానంటే దిగడానికి నలుగురు మనుషులు కావాలి. నేను వచ్చి ఉంటే ఊరంతా చూసేది." వేళ్లు ఒకదానికొకటి రుద్దుకుని మొహం చిట్లించాడు. "ఛ, జిడ్డు. వీటికి నూనె రాశావా?"

"నూనెనా?"

ఆమె చటుక్కున ఒకటి లాక్కుని వేలితో తుడిచింది. పల్చటి నూనె, రంగు లేదు, వాసన కూడా అంతగా లేదు. ఆమె స్క్రూలకి సబ్బు రాస్తుంది. చెక్కలో పనిచేసే ఎవరైనా అంతే. నూనె రాస్తే చెక్క పీల్చుకుని మరక కడుతుంది, దాని మీద రంగు నిలవదు. తన భర్త చేతికి అంటేది నల్లటి గ్రీజు. మరి నీళ్లలాంటి ఈ నూనె...

"నీ మీదే పడింది నా అనుమానం. తప్పుగా అనుకోకు అన్నయ్యా."

"అనుకోను. నేనైనా నన్నే అనుమానిస్తా." ఆయన కుర్చీలో కదిలాడు. "ఒక సంగతి చెప్పనా? మామగారికి చెప్పకు, తిడతాడు. మొన్నీమధ్య ఒక్కడే ఇక్కడికి వచ్చాడు. అదిగో, ఆ జారుడు కిటికీ ముందు నిలబడి ఒక్క వేలితో అటు జరిపాడు, ఇటు జరిపాడు. చిన్నపిల్లాడిలా ఆడుకున్నాడనుకో. నేను దగ్గరికెళ్తే 'రేకు డబ్బా' అని ఉమ్మేసి వెళ్లిపోయాడు."

తిరుగుదారిలో ఆమె నడిచిందో పరుగెత్తిందో చెప్పడం కష్టం. మామగారు బతుకంతా కుట్టుమిషన్లు బాగుచేశారు. చేతిలోకి ఏ స్క్రూ వచ్చినా దాని మీద నూనె చుక్క పడాల్సిందే. గోడకు పటం తగిలించమన్నా మేకు నూనెలో ముంచే రకం. ఆ చెయ్యి ఎరగని చెయ్యి కాదు. కానీ ఎందుకు? ఈ కిటికీల కోసం కన్నకొడుకుతో మాటలు మానేసిన మనిషి ఆయన! ఎక్కువ అరిచిన గొంతే ఆయనది!

ఇంటికొచ్చి నేరుగా ఆయన గదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసింది. గది ఉక్కపోస్తోంది. కిటికీ బిగించి ఉంది. తను మొట్టమొదట బాగుచేసిన కిటికీ అది. అది తెరిచి ఉండగా చివరిసారి ఎప్పుడు చూసిందో గుర్తు రాలేదు. గాలి పడదని ఆయన అంటుంటే నమ్మేసింది.

"ఏం అమ్మాయ్, దొంగ దొరికాడా?" మంచం మీది నుంచి అడిగారు ఆయన. నవ్వబోయి మానేశారు.

"వెతుకుతున్నా మామయ్యా. పొద్దున్నుంచి మీరు ఎవర్నీ తిట్టలేదు. అది చూస్తే నాకు భయంగా ఉంది."

"పిల్ల అంత గండం గడిచి బయటపడితే తిట్లు ఎలా వస్తాయి?"

"ఉక్కగా ఉంది. కాస్త ఆ కిటికీ తెరవండి."

"నువ్వే తెరువు. దగ్గరగా ఉన్నావు."

"మీరు తెరవండి మామయ్యా."

ఆయన లేచి కిటికీ ముందుకు వెళ్లారు. వంగి కింది గడియ తీశారు. పై గడియ కోసం చెయ్యెత్తారు. చెయ్యి గుండె దాకా వచ్చి ఆగిపోయింది. రెండో చేత్తో మోచేతిని పైకి తొయ్యబోయారు. మొహం నొప్పితో ముడుచుకుపోయింది. కింది గడియ మళ్లీ వేసి వచ్చి మంచం మీద కూలబడ్డారు.

ఆమె కొంగు ముడి విప్పి స్క్రూలు ఆయన పక్కన పెట్టింది. పక్క గదిలో పిల్ల పాఠం పైకి చదువుకుంటోంది. ఆ గొంతు వినిపించినంతసేపూ ఆయన కళ్లు మూసుకునే ఉన్నారు.

"నేనే," అన్నారు చివరికి. "నిన్న మధ్యాహ్నం నువ్వు షెడ్డులో రంపం కోస్తుంటే ఆ చప్పుడులో విప్పాను. ఇంకెవర్నీ అడక్కు. మీ ఆయన్ని అసలు అడక్కు, వాడికేం తెలీదు.

"ఈ భుజాలు రెండూ పట్టేసి చాలాకాలమైంది. నీకు చెబితే పై గడియ కిందికి దించేసేదానివి, అరపూట పని. అదీ తెలుసు. దించాక? నీ పని చూడ్డానికి వచ్చిన ప్రతివాడూ ఇదొక్కటే ఎందుకు కిందుందని అడుగుతాడు. మామగారికి చెయ్యి లేవదండీ అని నువ్వు చెబుతావు. ఆ మాట నా చెవిన పడే బదులు ఉక్కకి చావడం నయమనుకున్నా. ఇక కిటికీలన్నీ మార్చెయ్యండ్రా అని నోరు విప్పుదామంటే, నా శవం, నా శవం అని ఇన్నేళ్లు అరిచింది నేనేగా. నా మాటే నా మెడకి ఉరైంది.

"రెక్క కొంచెం కుంగుతుంది, చట్రానికి రాసుకుంటుంది, సరిగ్గా మూసుకోదు, వాడు గొడవ చేస్తాడు, నేను నాలుగు తిట్లు తిట్టి ఓడిపోయినట్టు ఒప్పుకుంటాను. ఇంతే నా పథకం. నా గదిది విప్పితే అందరూ నా వైపు చూస్తారని మేడ మీదిది విప్పాను. నువ్వు దళసరి అద్దం వేశావని, రెక్క అంత బరువెక్కిందని తెలీదు. పిల్ల అక్కడ కూర్చుంటుందని తెలుసు. తెలుసుగా, మరి అప్పుడు గుర్తు రాలేదా అంటే... రాలేదు. స్క్రూలు సాఫీగా తిరిగాయి. ఈ చేతికి ఇంకా పనితనం ఉందని సంబరపడ్డాను. అంత సంబరంలో పిల్ల ఎక్కడ గుర్తొస్తుంది?

"ఇంకొకటి కూడా విను, సగం చెప్పి ఆపితే అది చెప్పినట్టు కాదు. పై మడతబందు ఉండబట్టి పిల్ల దక్కిందని పొద్దున్నుంచి మీరంతా అంటున్నారు. దాన్ని నేను మంచితనంతో వదిలిపెట్టానని మాత్రం అనుకోకు. దాని కోసం కూడా రెండుసార్లు ప్రయత్నించాను. చెయ్యి లేవలేదు. లేచి ఉంటే అదీ విప్పేవాణ్ణి."