బ్యాగుతో సహా

పొద్దున్నే పదో తరగతి గదిలో బెంచీలు తుడవడం సగం అయ్యేసరికి జయకుమారికి నడుం పట్టేసింది. తడిగుడ్డ బకెట్లో పడేసి, చెయ్యి నడుముకు ఆనించి కాసేపు నిలబడింది. యాభై దాటిన మనిషి. సన్నగా, పొడుగ్గా, కాస్త ముందుకు వంగి ఉంటుంది. నరాలు తేలిన చేతులు. ఫినాయిలు తగిలి తగిలి వేళ్ల సందులు తెల్లగా పొరలు లేచాయి. మెడలో నల్లదారానికి చిన్న సిలువ. బడివాళ్లు ఇచ్చిన నీలం చీర ఉతికి ఉతికి బూడిదరంగుకు తిరిగింది. పిల్లలకు ఆమె ఆయమ్మ. ఆమెకు ఇంకో పేరుందని చాలామందికి తెలియదు.

గుంటూరులో మిర్చియార్డుకు వెళ్లే రోడ్డు పక్కన ఉంది ఆ ఇంగ్లీషు మీడియం బడి. గేటు పక్క గోడ మీద ఎర్రరంగుతో 'పదో తరగతిలో వరసగా ఏడేళ్లు నూటికి నూరు శాతం' అని రాసి ఉంటుంది. ఆ గోడ మీది దుమ్ము దులిపేది జయకుమారే. ఆ నూరు ఎలా వస్తుందో అందరికంటే బాగా తెలిసిందీ ఆమెకే.

ఏటా నవంబరులో, పబ్లిక్ పరీక్షకు పేర్లు పంపే ముందు, కరస్పాండెంటు చెంచురామయ్యగారు ఆమెను పిలిచి ఒక్కో పేరు చెబుతారు. "బ్యాగుతో సహా రమ్మను" అంటారు. ఉత్తగా రమ్మన్నారంటే చీవాట్లకో, ఫీజుకో. బ్యాగుతో సహా అంటే ఇక తిరిగి రావడం లేదని. జయకుమారి ఆ మాట చెప్పగానే క్లాసంతా చప్పబడిపోతుంది. ఆ పిల్లవాడు పుస్తకాలు సర్దుకుంటుండగానే పక్కవాడు కాస్త జరిగి కూర్చుంటాడు. కింద ఆఫీసులో తల్లో తండ్రో ఉంటారు. సంచి తగిలించుకుని ఎదుట నిలబడ్డ బిడ్డను చూశాక, మళ్లీ లోపలికి పంపండని అడగడానికి వాళ్లకు నోరు పెగలదు. టీసీ కోసం సంతకం పెట్టి పోతారు. మార్చిలో పరీక్ష రాసేవాళ్లంతా పాసవుతారు. పాసు కారనుకున్న వాళ్లు అప్పటికి ఆ బడి పిల్లలే కారు. దానికి గోడ మీద ఎర్రరంగు, పేపర్లో ఫొటోలు, వచ్చే ఏటికి పెంచిన ఫీజు.

ఆ రోజు మూడో పీరియడ్‌లో కరస్పాండెంటుగారి పిలుపొచ్చింది.

"టెంత్‌లో ఆ షమాను బ్యాగుతో సహా రమ్మను. వాళ్లమ్మ వచ్చింది."

షమా లెక్కల్లో తప్పింది, నిజమే. నవ్వొస్తే ఆపుకోలేదు, అదీ నిజమే. అర్థం కాకపోతే చెయ్యెత్తి, మళ్లీ చెప్పండి సార్ అంటుంది. లెక్కల మాస్టారి దృష్టిలో అది అల్లరి. ఎల్‌కేజీ నుంచీ ఈ బడిలోనే చదువుతోంది. అన్నేళ్లూ ఫీజు కట్టించుకునేటప్పుడు ఈ పిల్లకు లెక్కలు రావని ఎవరికీ గుర్తు రాలేదు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య.

జయకుమారి మెట్లెక్కింది. ఆమె కూడా తప్పిన మనిషే. ప్రత్తిపాడు దగ్గర మిషన్ బడిలో ఏడో తరగతి రెండుసార్లు తప్పింది. మరియదాసు పంతులుగారు బెత్తంతో కొట్టేవారు. కొట్టి, మళ్లీ అదే బెంచీలో కూర్చోబెట్టేవారు. ఇంటికి పొమ్మని ఏనాడూ అనలేదు. మూడోసారి గట్టెక్కింది. తర్వాత పెళ్లి, పొగాకు ఆరబెట్టే బ్యారన్లో పని, మొగుడు పోవడం, చివరికి ఈ బడి. ఆ ఏడో తరగతి కాగితం చూపిస్తేనే ఆయా పనైనా ఇచ్చారు.

ఆమె గుమ్మంలో నిలబడగానే పిల్లలందరూ ఆమె నోటివంకే చూశారు. నవంబరని వాళ్లకూ తెలుసు.

"షమా, మీ అమ్మొచ్చింది. రామ్మా."

మూడో బెంచీలో కిటికీ పక్కనుంచి షమా లేచింది. "బ్యాగు తెచ్చుకోవాలా ఆయమ్మా?" అని అడిగింది.

జయకుమారికి ఒళ్లు మండిపోయింది. అంత పిల్ల అందరి ముందూ ఆ మాట అడగాల్సి వచ్చింది కదా అని మండింది.

"అక్కర్లా. ఉత్త చేతుల్తో రా."

షమా తల్లి జోహరాబీ కోల్డ్‌స్టోరేజీలో మిరపకాయల తొడిమలు తీసే పని మధ్యలో లేచి వచ్చింది. ఆమె కొంగునిండా ఘాటే. చెంచురామయ్యగారు రెండుసార్లు తుమ్మి ఫ్యాను పెంచారు. దాంతో ఘాటు ఇంకా రేగింది.

"చూడమ్మా, మీ అమ్మాయి మంచికే చెబుతున్నాం. పరీక్ష ప్రైవేటుగా కట్టించుకోండి. ఇక్కడ సంతకం పెట్టండి," అన్నారు ముక్కు తుడుచుకుంటూ.

"పరీక్షలకింకా నాలుగు నెల్లుంది గదండీ సారూ. నేర్పితే నేర్చుకోదా?"

"అప్పటికీ రాకపోతే మా రిజల్ట్ ఏమైపోవాలి?"

జోహరాబీ కాగితం వంక చూసింది. పిల్ల వంక చూసింది. పిల్ల భుజాన ఏమీ లేదు.

"నీ సంచేదే?"

"క్లాసులో ఉందమ్మా. క్యారేజీ కూడా."

జోహరాబీ కుర్చీలోంచి లేచింది. "బస్సులో తువ్వాలేసిన సీట్లో ఇంకోళ్లు కూర్చుంటారా సారూ? మా పిల్ల సంచి బెంచీ మీదుంది. ఈ కాగితం నాకొద్దు. ఈ ఏడుపు మొహంతో ఇవాళ్టికి ఇంటికి తీసుకుపోతన్నా. రేప్పొద్దున బెల్లు కొట్టేసరికి వచ్చిద్ది."

కూతురి చెయ్యి పట్టుకుని బయటికి నడిచింది. గేటు దగ్గర జయకుమారితో ఒకటే మాట అంది. "అక్కా, సంచి జాగర్త."

చెంచురామయ్యగారి మొహం గేటు పక్క గోడ మీది అక్షరాల రంగులోకి వచ్చింది.

"బ్యాగుతో సహా అన్నానా లేదా?"

"అన్నారండి."

"మరి?"

"నోరు రాలేదండి."

"సాయంత్రం గది ఊడ్చేటప్పుడు ఆ బ్యాగు తీసి వాచ్‌మన్‌కివ్వు. ఆ పిల్ల గేటు దాటి లోపలికి రాకూడదు. రేపు ఆ బ్యాగు బెంచీ మీద కనపడిందో, నువ్వు ఇక్కడ కనపడవు."

సాయంత్రం బడి ఖాళీ అయ్యాక జయకుమారి గది ఊడ్చింది. షమా వదిలి వెళ్లిన నోటుపుస్తకం సగం లెక్క దగ్గర తెరిచే ఉంది. మూసి సంచిలో పెట్టింది. క్యారేజీలో అన్నం, గోంగూర పచ్చడి ముట్టనే లేదు. ఆ అన్నం తీసి గోడవతల కుక్కకు పెట్టింది. గిన్నెలు కడిగి తెచ్చింది. సంచి ఎత్తి, దాని కింద బెంచీ తుడిచి, మళ్లీ అక్కడే పెట్టింది. పెడుతుంటే వచ్చే నెల ఇంటద్దె గుర్తొచ్చింది. అయినా పెట్టింది.

గది తాళం వేసి ఆఫీసుకు వెళ్లింది. చెంచురామయ్యగారు ఫోన్లో ఎవరికో సీట్ల సంగతి చెబుతున్నారు. జయకుమారి తాళాలగుత్తి బల్ల మీద పెట్టింది.

"తీశావా?" అన్నారాయన రిసీవరుకు చెయ్యి అడ్డం పెట్టి.

"లేదండి. అది తీసే పనికి ఇంకెవర్నన్నా చూసుకోండి. అందరి సంచులూ మోయించి పంపింది చాలు."

తన గ్లాసు, అన్నం గిన్నె గుడ్డసంచిలో వేసుకుని గేటు దాటింది. దుమ్ము పట్టిన గోడ వంక తల తిప్పలేదు. కోల్డ్‌స్టోరేజీలో పనేమైనా ఉందేమో జోహరాబీని అడగాలనుకుంటూ రోడ్డు దాటింది.

తాళం వేసిన పదో తరగతి గదిలో, మూడో బెంచీ చివర, కిటికీ పక్కన, తెగిన పట్టీని పురికొసతో ముడేసిన ఆకుపచ్చ సంచీ, దాని పక్కన కడిగి బోర్లించిన క్యారేజీ గిన్నెలూ అలాగే ఉన్నాయి.