ఎడమ వైపు గేరు

జగ్గారావుగారి చేలో పొడి దుక్కి చివరి మూలకి వచ్చేసరికి మా ట్రాక్టర్ ఆగిపోయింది. ఇంజను మోగుతూనే ఉంది గానీ చక్రాలు తిరగలేదు. వెనక ఇరుసు లోపల్నుంచి రాళ్లు నములుతున్నట్టు చప్పుడు వచ్చింది. నాన్న ఇంజను ఆపి, దిగి ఇరుసు కిందకి వంగి చూశాడు.

అది నాన్న తాడేపల్లిగూడెంలో పాతది చూసి కొన్న బండి. పెదపాడు దగ్గర మా బోదె, అంటే పిల్లకాలవ, కింద ఉన్న చేలన్నిటికీ దమ్ము చేసేది అదే. కాలవలు వదిలాక బోదె నీళ్లు ఒక్కో రైతుకీ వంతు ప్రకారం వస్తాయి. చేలోకి నీళ్లు ఎక్కగానే బురదగా దున్ని దమ్ము చెయ్యాలి, వెంటనే నాట్లు పడాలి. ఆ పూటకి మా బండి లేకపోతే రైతు ఇంకో బండిని పిలుచుకుంటాడు. ఆ వచ్చినవాడే బోదె పొడుగునా చేసుకుంటూ పోతాడు. ఇంక ఆ ఏడాదికి నాన్నకి పని ఉండదు.

నాన్న అప్పటికప్పుడు గూడెం వెళ్లి షెడ్డులో అడిగి వచ్చాడు. చక్రాల్ని తిప్పే పెద్ద గేర్ల పళ్లు అరిగిపోయి ఉంటాయన్నారట. ఆ మోడల్‌కి కొత్తవి రావడం లేదట. బండిని లాక్కొస్తే రెండుగా విడదీసి చూస్తామనీ, వారం పైనే పడుతుందనీ చెప్పారట.

మర్నాడు పొద్దున్నే ఏలూరు నుంచి విశ్వాసం బాబాయి పానాల సంచీతో వచ్చాడు. ఆయన మెకానిక్.

"బండిని రెండు ముక్కలు చేసి, మధ్యలో బల్ల వేసుకుని టీ తాగుతారన్నయ్యా వాళ్లు," అన్నాడు. "మనకెందుకంత తద్దినం? పక్క మూతలు విప్పితే గేర్లు బైటికొస్తాయి. కుడిది ఎడమకీ, ఎడమది కుడికీ మార్చేద్దాం."

"అరిగినవాటిని అటూ ఇటూ మారిస్తే ఏం ఒరుగుద్దిరా?"

బాబాయి నన్ను పిలిచి, నా వేళ్లలో తన వేళ్లు దూర్చి చూపించాడు. బండి ముందుకి వెళ్లేటప్పుడు ప్రతి పంటికీ ఒక పక్కే బరువు పడుతుందట. ఇన్నేళ్లూ అరిగింది ఆ పక్కే. రెండో పక్కకి రివర్సులో తప్ప పని లేదు. గేరు ఇటుది అటు వేస్తే అరగని పక్క పనిలోకి వస్తుంది.

"ఇంకో నాలుగు దమ్ములు లాగిచ్చేద్ది," అన్నాడు. "ఈలోపు కెజియా కలెక్టరైపోయి మనకి కొత్త బండి కొంటాది. ఏమ్మా?"

నేను తల దించుకుని నవ్వాను.

బండిని ఎత్తడానికి జాకీ గానీ గొలుసుకప్పీ గానీ లేవు. ఎత్తే బదులు నేలనే కిందకి దించుదామన్నాడు బాబాయి. ఇరుసు కింద రెండు పక్కలా తాటి దుంగలు అడ్డంగా దోపి, చక్రాల కింద మట్టి తవ్వేశారు. చక్రాలు గాలిలో తేలాయి. వాటిని విప్పి దొర్లించేశారు. ఆ గుంటలో కూర్చుంటే గేరు సరిగ్గా ఒడి ఎత్తుకి వస్తుంది. దాని బరువు చేతుల మీద పడకుండా పాత సైకిల్ ట్యూబులతో మడ్‌గార్డుకి వేలాడదీశారు. షెడ్డులో నలుగురు పట్టే పని ఇద్దరూ మాటలు చెప్పుకుంటూ చేస్తున్నారు. వేసంగిలో కొల్లేటికోట చెరువుల దగ్గర బాబాయి ఇలాగే ఎన్నో బళ్లు బాగుచేశాడు. కానీ ఇది వేసంగి కాదు, బోదెలో నీళ్లున్నాయి, అవి చేలోకి వస్తే దుంగల కింద మట్టి మెత్తబడిపోతుంది.

మధ్యాహ్నానికి కుడి పక్క అయిపోయింది. గట్టెక్కి చూస్తే పైన వెంకట్రాజుగారి చేను నిండా నీళ్లు మెరుస్తున్నాయి. సాయంత్రానికి గానీ తీరదనుకున్న ఆయన వంతు అప్పుడే తీరిపోతోంది. తరవాత వంతు జగ్గారావుగారిది. నీళ్లు చేలోకి దిగే మడవ సరిగ్గా మా బండి ఉన్న మూలే ఉంది. పొద్దున్నే ఆయన పాలేరు దాన్ని తీసి వెళ్లాడు.

"కెజియా, నువ్వెళ్లి జగ్గారావుగారిని అడగమ్మా," అన్నాడు నాన్న గుంటలోంచే. "పొద్దు వాలేదాకా మడవ మూసి ఉంచమని బతిమాలు."

క్లాసులో హాజరు పిలిస్తే నేను పలికిన మాట నాకే వినపడదు. అయినా వెళ్లాను.

జగ్గారావుగారు వసారాలో భోజనం చేస్తున్నారు. ఆయన భార్య సత్యవేణిగారు మజ్జిగ పోస్తున్నారు. దారంతా కూడబలుక్కున్న మాట గుమ్మం దగ్గర సగమే వచ్చింది.

"మడవ మూస్తే నీళ్లు ఆగుతాయా అమ్మాయ్? కిందవాళ్లు పట్టుకుపోతారు. మళ్లీ నా వంతెప్పుడు? నా నారు ముదిరిపోతా ఉంది."

"ఇంకో మూల మడవ తీస్తేనండి..."

"ఆ మూల మెరకమ్మా, నీళ్లు ఎక్కవు. మీ నాన్నని బైటికి రమ్మను. రేపు పొద్దుటికి బండి తిరక్కపోతే గుండుగొలను నరసరాజు ట్రాక్టర్‌ని పిలుస్తానని చెప్పు. చేపలు పడతాడా ఏంటి గుంటలో కూర్చుని?"

"పాపం, పిల్లనెందుకండీ అంటారు?" అన్నారు సత్యవేణిగారు. "కాసిని మజ్జిగ తాగి వెళ్లమ్మా." నేను అప్పటికే మెట్లు దిగేశాను.

బోదె గట్టు మీద పరిగెడుతుంటే నా పక్కనే నీళ్లు కూడా వస్తున్నాయి. ముందు గడ్డీ నురగా, వెనక పసుపు రంగు నీళ్లు. నాకంటే ముందే వెళ్లిపోయాయి. మడవ దగ్గరికి వచ్చేసరికి చేలోకి దూకుతున్నాయి. అడ్డంగా నాలుగు మట్టిగడ్డలు వేద్దామా అనిపించింది. వేస్తే జగ్గారావుగారి వంతు పోతుంది, ఆ దొంగతనం నాన్న మీద పడుతుంది. చెయ్యి రాలేదు.

ఎండి బీటలు వేసిన నేల బుసబుసమంటూ నీళ్లు తాగుతోంది. గుంట అంచునించి ఒక పెళ్ల విరిగి నాన్న మోకాలి మీద పడింది.

"అన్నయ్యా, లేచి రా!" అన్నాడు బాబాయి.

"రెండు బోల్టులేరా. ఇప్పుడొదిలితే గేరు జారిపోద్ది. మూత అందుకో."

తాటి దుంగ పక్కన మట్టి నల్లగా, మెత్తగా అవుతోంది. నేను గుంటలోకి దిగి నాన్న చెయ్యి పట్టుకున్నాను.

"రా నాన్నా!"

"వదలవే, పానా జారుద్ది!"

"రా! నువ్వు రా ముందు!"

అంత గొంతు నాకుందని నాకు తెలియదు. పక్క చేలో నాట్లు వేస్తున్న ఆడవాళ్లంతా నడుం ఎత్తి చూశారు. నాన్న చొక్కా నా చేతిలో చిరిగింది. ఆయన పానా వదిలేసి బైటికి వచ్చాడు.

ముగ్గురం గట్టు మీద నిలబడి చూశాం. గుంట నిండింది. బండి కదల్లేదు. నాట్ల ఆడవాళ్లు చూసి చూసి మళ్లీ పనిలోకి వంగారు. అయినా కదల్లేదు. నాన్న ఒకసారి నా వైపు చూశాడు. రెండు బోల్టులేమిటి, మూత కూడా బిగించేంత సేపు గడిచిపోయింది.

"నిలబడిందిరా," అని నాన్న అడుగు ముందుకి వేశాడు. బాబాయి నడుం పట్టుకుని ఆపాడు.

అప్పుడు ఎడమ దుంగ దిగింది. పెద్ద చప్పుడేమీ లేదు. గేదె నీళ్లలో కూర్చున్నట్టు బండి ఒక పక్కకి ఒరిగింది. తెరిచి ఉన్న ఇరుసు నోరు బురదలో మునిగింది, కాసేపు బుడగలు వచ్చాయి.

"నువ్వక్కడ ఉండుంటే..." అన్నాడు బాబాయి.

"ఉండుంటే బిగించేసేవాణ్ణి. మూత పడుంటే లోపలికి బురద పోయేది కాదు," అన్నాడు నాన్న.

ఇంటికి వచ్చాక అమ్మ అడిగితే బాబాయే చెప్పాడు. నాన్న నన్ను ఏమీ అనలేదు. అంటే బాగుండుననిపించింది.

మర్నాడు నరసరాజుగారి కొత్త ట్రాక్టర్ వచ్చింది. మడవ మూల ఖాళీ అయితే గానీ దమ్ము కుదరదని ముందు మా బండికి గొలుసు కట్టారు. నాన్న, బాబాయి నడుం లోతు బురదలో నిలబడి చక్రాలు మళ్లీ బిగించారు. లాగేటప్పుడు ఎవరో ఒకరు స్టీరింగ్ పట్టాలి గనక నాన్నే ఎక్కి కూర్చున్నాడు.

"ఏంటి రూబెనూ, రెండు బోల్టులే మిగిలాయంటగా?" అన్నారు నరసరాజుగారు నాన్న వైపు తిరిగి. "మధ్యలో ఎందుకు లేచొచ్చేశావు?"

నేను గట్టు మీద ఉన్నాను. నాన్న స్టీరింగ్ మీద ఎండిపోయిన బురదని గోటితో గీకుతున్నాడు.

"మా అమ్మాయి రమ్మందండి," అన్నాడు. "వచ్చేశాను."

గొలుసు బిగిసింది. నాన్న ముందుకే చూస్తూ స్టీరింగ్ తిప్పాడు.