సన్నగా వచ్చిన ఫోటో

రత్నమాణిక్యం పోయిన రోజున, పేపరుకి ఇద్దామంటే ఇంట్లో ఆవిడ ఫోటో ఒక్కటీ పనికిరాలేదు. ఆల్బమ్‌లన్నీ అంతకుముందు వానల్లో తడిసి, పేజీకి పేజీ అతుక్కుపోయాయి. మిగిలింది భీమవరంలో ఇల్లు కట్టుకున్నప్పటి గృహప్రవేశం డీవీడీ. అన్నకొడుకు శ్రీనివాసరాజు అది పట్టుకుని దగ్గర్లో ఉన్న ఏదో స్టూడియోకి వెళ్ళి, అందులోంచి ఒక బొమ్మ తీయించి, పెద్దకర్మ నాటికి ఫ్రేము కట్టించి తెచ్చాడు. ఆవిడ భర్త ఆదినారాయణరాజు మాస్టారు దాన్ని హాల్లో గడియారం కింద తగిలించారు.

వచ్చినవాళ్ళు దండం పెట్టుకుని, "పాపం, జబ్బులో తీసిందాండీ?" అని అడిగారు. మాస్టారు వాళ్ళకి కుర్చీలు చూపించారు.

కూతురు మంజుష ఊరుకోలేదు. "ఇది అమ్మేంటి నాన్నగారూ? అమ్మ బుగ్గలు ఎలా ఉండేవి! నా పిల్లలు ఈ మొహమే గుర్తుపెట్టుకోవాలా? మార్పించండి."

ఆ డీవీడీ మొదటిసారి వేసుకున్న రోజు మాస్టారికి గుర్తుంది. టీవీలో పురోహితుడితో సహా అందరూ సన్నగా, పొడుగ్గా సాగిపోయి ఉన్నారు. రత్నమాణిక్యం పడీపడీ నవ్వింది. "చూశారా, ఒక్కపూట పస్తు పెట్టకుండా నన్ను సన్నబరిచేశాడు మన వీడియో ఆశీర్వాదం. ఈసారొస్తే వాడికి పూతరేకులు పెట్టాలండీ!" డిస్కు బాగుచేయించాలని ఎవరికీ తోచలేదు. మరుసటి ఏడు జబ్బు ఆవిణ్ణి నిజంగానే సన్నబరిచింది.

మాస్టారు ఆ డీవీడీ పట్టుకుని ఆశీర్వాదం స్టూడియోకి వెళ్ళేసరికి అతను లేచి నిలబడ్డాడు.

"తప్పు నాదేనండి మాస్టారూ. కొత్త కెమెరా మోజులో వైడ్‌లో తీశానండి. అది వెడల్పు బొమ్మని రెండుపక్కలా నొక్కి, మామూలు బొమ్మంత చోట్లో ఇరికిస్తుందండి. డిస్కు కొట్టేటప్పుడు ఇది వైడ్ అని మార్కు పెడితే, ప్లేయరు మళ్ళీ విప్పి చూపిస్తుంది. ఆ మార్కు మర్చిపోయానండి."

"అప్పుడే చెప్పలేదేం?"

"చెబుదామనే ఫోన్ చేశానండి. అమ్మగారు ఎత్తి, 'ఉండనివ్వరా, మాస్టారికి చెప్పకు, ఇలాగే బాగున్నాను' అన్నారండి."

ఆ మాట మాస్టారు వినడం అదే మొదలు. స్టూలు లాక్కుని కూర్చున్నారు.

ఆశీర్వాదం కంప్యూటర్‌లో ఏదో నొక్కాడు. బొమ్మ పక్కలకి విచ్చుకుంది. బుగ్గలు నిండాయి, చీర అంచు వెడల్పైంది.

"ఇప్పుడు అమ్మగారిలా ఉన్నారాండీ?"

మాస్టారు తెరకి దగ్గరగా వంగారు. మంచం పక్కన గడిపిన నెలల్లో ఆయన కళ్ళు ఆ సన్నటి మొహానికే అలవాటుపడ్డాయి. తెరమీద ఉన్నావిడ రత్నమాణిక్యానికి దగ్గరి చుట్టంలా ఉంది. ఆవిడ వెనక గోడమీద, కొత్తింటికి బడివాళ్ళు ఇచ్చిన గడియారం కనిపిస్తోంది. ఇంట్లో ఫ్రేములో అది కోడిగుడ్డులా ఉంది. ఇక్కడ గుండ్రంగా ఉంది.

"గడియారం సరిగ్గానే ఉంది," అన్నారు. "ఇదే ప్రింటు వెయ్యి."

ఆదివారం మంజుష ఫోన్ చేసింది.

"ఫోటో ఏమైంది నాన్నగారూ?"

"తెచ్చానమ్మా."

"తేవడం కాదు, మార్చారా?"

"మారుస్తాను."

కొత్త ఫోటో కవరుతో సహా బీరువాలో, రత్నమాణిక్యం చీరల మీద ఉంది. గోడమీది ఫ్రేము ఇంకా విప్పలేదు.