ఎర్ర రిబ్బను మంచం

పొద్దున వెంటిలేటర్ మీద ఉన్నట్టు బిందు చేతులారా కోడ్ వేసిన గంగే, మధ్యాహ్నానికి కొళాయి దగ్గర గొంతుక్కూర్చుని సత్తుగిన్నె తోముకుంటోంది.

బిందు నడుస్తున్నదల్లా ఆగిపోయింది. కొంటా ఊరికి వెళ్లే దారిలోని ఆ ప్రైవేటు ఆసుపత్రిలో డాక్టరు రాసిన రోగాన్ని సర్కారీ బీమా కోసం కోడ్‌గా మార్చడం ఆమె పని. గంగేకు వేసింది సెప్టిక్ షాక్ కోడ్. ఒంట్లో విషం పాకి, బీపీ పడిపోయి, ప్రాణం గుమ్మంలో నిలబడ్డ మనిషికి వేసేది. బీమా బాగా ముట్టేదీ దానికే.

“ఏంది బిడ్డా, దయ్యాన్ని చూసినట్టు చూస్తున్నవ్?” అంది గంగే.

“నీకు గొట్టం పెట్టలేదా, అమ్మా?”

“మూతికి తగిలిచ్చిన్రు, ఫోటో గుంజిన్రు, పీకిన్రు. జరమే గదా నాది! మంచానికి ఎర్ర రిబ్బను గూడ కట్టిన్రు, పెండ్లిపిల్ల లెక్క!” గంగే పగలబడి నవ్వింది.

ఎర్ర రిబ్బనంటే సెప్టిక్ షాక్. అది కట్టిన మంచం కనిపిస్తే ఎవరైనా సరే చేతిలో పని వదిలి పరుగెత్తాలి. ఆసుపత్రి తెరిచిన కొత్తలో యజమాని డాక్టర్ రాఘవులే పెట్టిన నియమం.

కోడ్ వేసేవాళ్లకు వార్డుతో పని లేదు. అయినా బిందు వెళ్లి తలుపు తోసింది. ఎటు చూసినా ఎర్ర రిబ్బన్లే. ప్రారంభోత్సవంలో మిగిలిన శాటిన్ రిబ్బను, ముక్కలు కోసి కట్టేశారు. వాటి కింద రోగులు సీతాఫలాలు తింటూ గింజలు ఉమ్ముతున్నారు. ఆ మంచాలన్నిటికీ కోడ్‌లు కొట్టింది తన వేళ్లే.

చివరి మంచం దగ్గర కోసి అనే ఆమె తన భర్త మాసా అరికాళ్లు రుద్దుతోంది. గొడ్డలి దెబ్బ చీముపట్టి అతని పిక్క కుళ్లిపోయింది. బిందు ముక్కు మూసుకుని అతని చెయ్యి పట్టుకుంది. మంచుగడ్డ. ఎగశ్వాస.

“మీనా! ఇటు రా!”

నర్సు మీనా సెల్‌లోంచి తాపీగా తలెత్తింది. “ఏందక్కా, రిబ్బను జూసి జడుసుకున్నవా? అది ఫోటో మంచమే. పొద్దటి నుంచి ఆమెది ఇదే లొల్లి.”

“చెయ్యి పట్టి చూడవే, దిక్కుమాలినదానా!”

మీనా పట్టి చూసింది. మొహం పాలిపోయింది. సెలైన్ల కోసం పరుగులు, కేకలు. రాఘవులు సమోసా నములుతూ వచ్చాడు. మాసా ఊపిరి ఆగడం చూడగానే సమోసా పారేసి, నూనె చేతులతోనే గుండె మీద నొక్కడం మొదలుపెట్టాడు. చాలాసేపు నొక్కాడు. చివరికి మాసా ఛాతీ మీద నూనె మరకలు మిగిలాయి, ఊపిరి మిగల్లేదు.

బిందు కిటికీలోంచి వంగి భళ్లున వాంతి చేసుకుంది.

కోసి ఏడవలేదు. రాఘవులు ఎదుటికి వచ్చి నిలబడింది. “ఎర్రగుడ్డ కట్టినం, ఇగ అందరు ఉరికొస్తరంటివి గద, సారూ. నేనే పొయ్యి పిలిస్తి. ఒక్కలు రాలే. ఎందుకు రాలే?”

“ఫోటో కోసమనుకున్న, సార్,” మీనా గొణిగింది.

రాఘవులు రిబ్బను ముడి విప్పబోయాడు. వేళ్లు జారాయి.

“ఇది ఫోటోది కాదు, నిజంది. పొద్దున నేనే కట్టాను. కట్టి, మీనా చూసుకుంటుందిలే అనుకుని, గంగే ఫోటో తీయించడానికి వెళ్లాను. జ్వరాలన్నిటికీ సెప్టిక్ షాక్ అని రాసింది నేను. మంచం మంచానికీ రిబ్బను కట్టించింది నేను. నిజంగా ప్రాణం పోతున్న రోజున, దీన్ని చూసి ఒక్కరూ కదలకుండా చేసింది నేనే, తల్లీ.”