వచ్చిన ప్రతి పత్రికకూ నాలుగు మాటలు

నాకు పుట్టుకతోనే భయం ఎక్కువ. బడి తనిఖీకి పైఆఫీసరు వస్తున్నాడంటే ముందురోజు నుంచే అన్నం సయించేది కాదు. వీధిలో ఇద్దరు గట్టిగా మాట్లాడుకుంటే మా ఇంటి తలుపు గడియ పడేది. అలాంటి దాన్ని ఎమర్జెన్సీ రోజుల్లో దొంగచాటుగా పత్రిక నడిపానంటే ఇప్పటికీ నా తోటి టీచర్లు నవ్వుతారు. ధైర్యం ఉండి నడపలేదు. ఏదైనా చదివితే దాని మీద నాలుగు మాటలు అనకుండా ఊరుకోలేని జబ్బు ఒకటి ఉంది నాకు. ఆ జబ్బు భయం కంటే ముదిరిపోయింది, అంతే.

ఆ రోజుల్లో చిన్న పత్రికలు ఊరికొకటి పుట్టేవి. నలుగురు కుర్రాళ్లు చేరి, సిగరెట్లు మానేసి, సైక్లోస్టైల్ మీద ఓ యాభై కాపీలు తీసి, తెలిసిన చిరునామాలన్నిటికీ పోస్టు చేసేవాళ్లు. కవితలు, తిట్లు, కూలీల కష్టాలు, మళ్లీ తిట్లు. సిరా అలికిపోయి సగం పేజీ కనపడేది కాదు. కనపడిన సగంలో ఎప్పుడో ఒక వాక్యం తగిలేది, దాంతో ఆ రాత్రికి నిద్ర ఉండేది కాదు. పెద్ద పత్రికలు వీటి మొహం చూసేవి కావు. పంపిన పిల్లలకు ఎవరైనా చదివారో లేదో కూడా తెలిసేది కాదు. ఉలుకూ పలుకూ లేక రెండో సంచికకో మూడో సంచికకో ఆపేసేవాళ్లు. ఒకడు రాసి పంపిస్తే, చదివామని చెప్పడానికి కూడా నోరు రాదా ఈ జనానికి అని నాకు ఒళ్లు మండేది.

అందుకని 'అందినవి' మొదలుపెట్టాను. ఉన్నవి రెండు కాగితాలే. నా చేతికందిన ప్రతి చిన్న పత్రిక గురించీ కనీసం నాలుగు మాటలు. బాగుంటే బాగుందని, చెత్తగా ఉంటే చెత్తని. కింద వాళ్ల చిరునామా, 'తపాలా బిళ్లలు పంపి తెప్పించుకోండి' అని ఒక ముక్క. తిట్టిన పత్రికకైనా చిరునామా మానేదాన్ని కాదు. ఖమ్మం కుర్రాడొకడి కవిత మీద, 'ఈ కవి చంద్రుణ్ణి కొన్నాళ్లు వదిలిపెడితే ఇద్దరికీ మంచిది' అని రాశాను. వాడు కోపమొచ్చి మరుసటి సంచికలో చంద్రుడి ఊసే లేకుండా బంగారంలాంటి కథ వేశాడు. నాకు కావలసింది అలాంటి కోపమే. నా పేరు మాత్రం ఎక్కడా వేసుకోలేదు. పంచాయతీ సమితి బళ్లో ఉద్యోగం నాది. మా ఆయన పోయాక నాకున్న ఆధారం అదొక్కటే.

శనివారం ఒంటిపూట బడి అయిపోగానే జగ్గయ్యపేటలో బస్సెక్కి నందిగామలో దిగేదాన్ని. అక్కడ కొండలరావుగారి టైపు ఇన్‌స్టిట్యూట్‌లో సైక్లోస్టైల్ మెషీను ఉండేది. పత్రికలన్నీ ఆయన చిరునామాకే వచ్చేవి. ఆయన దగ్గర తెలుగు టైపు లేదు కాబట్టి మైనం పూసిన స్టెన్సిల్ కాగితం మీద ఇనప కలంతో చేత్తోనే రాసేదాన్ని. పేరు దాచాను, ఊరు దాచాను, చేతిరాత దాచాలన్న ఆలోచన మాత్రం నా బుర్రకు రాలేదు. జగ్గయ్యపేటలో సగం వీధుల పిల్లలకు అక్షరాలు దిద్దించిన చెయ్యి అది. పలక మీద నేను రాసిచ్చిన అక్షరం మీదే పిల్లలు దిద్దాలి, బలపం పక్కకు పోతే చెరిపేసి మళ్లీ మొదలు. కొమ్ములూ గుడులూ నావిగా ఉంటే తప్ప ఒకటో తరగతి దాటనిచ్చేదాన్ని కాదు.

ఎమర్జెన్సీ వచ్చాక పత్రికలు పల్చబడ్డాయి. నా బుద్ధి పల్చబడలేదు. బెజవాడ అవతల నుంచి 'గరుకు కాగితం' అనే పత్రిక వస్తే దాన్ని నెత్తికెత్తుకుని రాశాను. కొన్నాళ్లకు ఆ పత్రిక వేసే ఇద్దరినీ పోలీసులు తీసుకుపోయారు. వాళ్ల గదిలో 'అందినవి' కాపీ దొరికింది. ఇంతగా మెచ్చుకున్నది ఎవరో వాళ్ల మనిషే అయి ఉండాలని, కాపీ మీదున్న చిరునామా పట్టుకుని పోలీసులు నందిగామ వచ్చి వెతకడం మొదలుపెట్టారు.

ఆ శనివారం నేను వెళ్లేసరికి ఇన్‌స్టిట్యూట్ తలుపు ఓరగా వేసి ఉంది. మెషీను ఉండే బల్ల ఖాళీ. కొండలరావుగారు నన్ను కూర్చోమని కూడా అనలేదు.

"మెషీను మా పశువుల కొట్టంలో గడ్డి కింద పెట్టించా. మీరిక ఇటు రావొద్దు రత్నమణిగారూ. ఎవరు రాస్తారని అడిగారు. స్టెన్సిల్ బస్సులో వస్తది, ఎవరు పంపుతారో తెలీదన్నా. పోస్టులో వచ్చిన పత్రికలన్నీ పట్టుకుపోయారు. ఇంకోసారి వచ్చి గట్టిగా అడిగితే తెలీదంటానో లేదో నాకే తెలీదండి."

ఆయన్ని ఏమనగలను? ఆ మాటైనా దాచకుండా చెప్పాడు. తిరుగు బస్సులో కండక్టరు చిల్లర కోసం నా భుజం తట్టి పిలిస్తే గట్టిగా అరిచాను.

ఇంటికి రాగానే ఉన్న పత్రికలన్నీ నీళ్లపొయ్యిలో పెట్టాను. వేసేముందు ప్రతిదాన్నీ ఒకసారి చూశాను, అందువల్ల పని తెమిలేది కాదు. ఆ వారమంతా నా స్నానం నీళ్లు కవిత్వంతోనే కాగాయి. బళ్లో బోర్డు మీద రాయడం మానేసి, చెయ్యి నొప్పని చెప్పి పిల్లల చేత రాయించాను. తీరా చూస్తే బోర్డు నిండా నా అక్షరాలే. ఏ పిల్ల రాసినా నేను రాసినట్టే ఉంది. సిమెంటు ఫ్యాక్టరీ జీపు వీధిలోకి వచ్చినా తలుపు గడియ పెట్టేదాన్ని. అన్నం ముందు కూర్చుని ప్రార్థన చేయబోతే, ముద్ద కలిపే చెయ్యే కళ్లకు కనపడేది. ఈ చెయ్యే నన్ను పట్టిస్తుందని అనుకునేదాన్ని.

పట్టించింది, కానీ నన్ను కాదు.

మరుసటి వారం బుధవారం మూడో తరగతికి ఎక్కాలు చెప్పిస్తుంటే సౌభాగ్యమ్మ ఏడుస్తూ వరండాలోకి వచ్చింది. ఆమె కొడుకు స్తెఫను నా దగ్గర అక్షరాలు దిద్దినవాడే. పెద్దవాడయ్యాక గరికపాడు చెక్‌పోస్టు దగ్గర లారీలకు పేర్లూ బొమ్మలూ రాసి బతుకుతున్నాడు.

"పంతులమ్మగారూ, మా వోణ్ణి పొద్దున్నే జీపులో ఎక్కించుకుపోయారండి. లారీ ఎనకమాల అక్షరాలు చూశారంట. ఏదో కాగితం పక్కన పెట్టి చూసుకుని, నువ్వే గదరా రాసింది అన్నారంట. ఆడు లారీల మీద తప్ప యాడా రాయలేదండి. మంచోడని మీరొచ్చి ఒక్క మాట చెప్పండి. మీ మాటైతే ఇంటారు."

గోడ పట్టుకుని నిలబడ్డాను. ఈమె మంచివాడని చెప్పడానికి పిలుస్తోంది. నేను వెళ్తే చెప్పాల్సింది వేరే. చెబితే ఉద్యోగం పోతుంది, జైల్లో వేస్తే ఎప్పుడు వదులుతారని అడిగే దిక్కు కూడా ఆ రోజుల్లో లేదు. చెప్పకపోతే చేయని పనికి వీడు పోతాడు, అదీ నేను కొట్టి నేర్పిన అక్షరాల వల్ల. తలనొప్పిగా ఉందని హెడ్మాస్టరుకు చెప్పి సౌభాగ్యమ్మ వెంట బయల్దేరాను. దారంతా ఆమె నాకు దణ్ణాలు పెడుతూనే ఉంది. ఆ దణ్ణాలు నేను భరించలేకపోయాను.

ఏ ఊరి స్టేషనో చెప్పను. సౌభాగ్యమ్మను గేటు దగ్గరే ఆపేశారు. లోపల ఒక కుర్ర ఎస్సై బల్ల వెనక కూర్చుని ఉన్నాడు. బల్ల మీద 'అందినవి' కాపీ, పక్కన కట్టకట్టిన చిన్న పత్రికలు. స్తెఫను గోడవార కింద కూర్చుని ఉన్నాడు. వాడి ఎడమ చెంప వాచి ఉంది. నన్ను చూసి తల దించుకున్నాడు. ఆ కాగితం చూడగానే అది ఎవరి రాతో వాడికి తెలియకుండా ఉండదు. పలక మీద ఏళ్ల తరబడి దిద్దాడు. తెలిసి కూడా నోరు విప్పలేదన్నమాట.

"అది ఆ అబ్బాయి రాయలేదండి. నేను రాశా" అన్నాను.

ఎస్సై నన్ను ఎగాదిగా చూశాడు. నా నేత చీర, గొడుగు, చేతిలో బడి సంచీ. "కూర్చోండి టీచరుగారూ" అని కాగితం, కలం ముందుకు తోశాడు. "నేను చదువుతా, మీరు రాయండి."

నేను రాసిందే నాకు చదివి వినిపించాడు. "ఈ పత్రిక చేతికి గరుగ్గా ఉంటుంది, మనసుకూ అంతే. అందుకే చదవాలి."

కలం పట్టుకోగానే వేళ్లు వణికాయి. ఎడమచేత్తో మణికట్టు నొక్కిపట్టుకున్నాను, బల్ల కూడా వణికింది. కొమ్ములు ఒకచోట, గుడులు ఒకచోట. కోడి కెలికినట్టుంది. ఒకటో తరగతి పిల్ల అలా రాస్తే నేనే చెరిపేసేదాన్ని. ఎస్సై రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసి నవ్వాడు.

"నువ్వు రాయరా" అని స్తెఫనుకు ఒక కాగితం విసిరాడు.

వంకరగా రాయరా నాయనా అని లోపల్లోపల మొత్తుకున్నాను. వాడు కాగితం నేల మీద పరిచి, తాపీగా, ఒక్క గీత పక్కకు పోకుండా రాశాడు. నా తలకట్టు, నా దీర్ఘం, నా కొమ్ము. నేను వాడికి అలాగే నేర్పాను.

"చూశారా టీచరుగారూ? మీ దగ్గర చదువుకున్న పిల్లాడి మీద ప్రేముంటే ఉండొచ్చు గానీ, స్టేషన్లో అబద్ధం చెబితే ఎలా? ఇంటికెళ్లండి" అన్నాడు ఎస్సై.

నాకు సంతోషం వేసింది. దాచడమెందుకు, ఒళ్లంతా తేలికైపోయింది. నేను చెప్పాల్సింది చెప్పాను, వాళ్లే నమ్మలేదు, ఇక నాదేం తప్పు? లేచి గొడుగు కూడా తీసుకున్నాను. స్తెఫను "ఎళ్లండి టీచరుగారూ" అన్నాడు, చిన్నప్పుడు బడి విడిచిపెట్టాక అన్నట్టే. ఆ మాటకు నా కాళ్లు కదల్లేదు. గుమ్మం వైపు చూడలేక, వాడి వైపు చూడలేక, బల్ల మీది కట్ట వైపు చూశాను.

కట్టలో పైనున్న పత్రిక నాకు తెలియనిది. 'నాపరాయి' అట, తొలి సంచిక. అట్ట మీద బొమ్మ తలకిందులుగా పడింది. 'అందినవి' పేరున నందిగామకు పోస్టులో వచ్చినదే. వెనక పేజీ ఎవరో చించేశారు. చెయ్యి దానంతటదే వెళ్లి దాన్ని తీసింది. ఎస్సై ఏమీ అనలేదు, ముసలమ్మ చాదస్తం అనుకున్నాడేమో. మొదటి కవిత చదివాను. విప్లవమా రమ్మని ఒక పేజీ పొడుగునా పిలిచాడు, అది వచ్చాక ఏం చేస్తాడో ఒక్క ముక్క లేదు. రెండోది కూడా అదే పిలుపు. మూడోది మరీ అన్యాయం. నాకు ఒళ్లు మండుకొచ్చింది. ఇలాంటివి వేసి పోలీసుల చేతిలో పడతారా వెర్రి వెధవలు అనుకున్నాను. నాలుగో పేజీ తిప్పాను. సున్నం బట్టీలో పనిచేసే ఒకామె చెప్పగా రాసుకున్నారు. 'మా ఆయన దగ్గిన గుడ్డ ఎన్నిసార్లు ఉతికినా తెల్లగానే ఉంటది' అని ఉంది అందులో. అక్కడ ఆగిపోయాను.

కూర్చుని కలం తీసుకున్నాను. స్టేషను, ఎస్సై, ఎవరూ గుర్తులేరు. ఈ నాలుగో పేజీ సంగతి ఎవరికైనా చెప్పకపోతే ఎలా?

"నాపరాయి తొలి సంచిక. మొదటి మూడు కవితలూ లేకపోతే మూడు పేజీల కాగితం మిగిలేది. విప్లవాన్ని అంతసేపు గుమ్మంలో నిలబెట్టి పిలవనక్కర్లేదు. కానీ నాలుగో పేజీలో సున్నం బట్టీ కూలి ఒకామె మాటలున్నాయి. అలాంటి మాట రాసుకోగలిగిన చెవి వీళ్లకుంది. ఆ చెవి కోసం ఈ పత్రిక బతకాలి."

రాయడం అయ్యాకే తలెత్తాను. ఎస్సై నా చేతి కింద నుంచి కాగితం లాక్కున్నాడు. 'అందినవి' పక్కన పెట్టాడు. ఈసారి నవ్వలేదు. చాలాసేపు చూశాడు.

"మిగతా అన్నిటికీ కింద చిరునామా ఉంది. దీనికేది?"

చిరునామా ఉండే వెనక పేజీ చింపింది వీళ్లే, ఆ కుర్రాళ్ల కోసం ఈపాటికి జీపు వెళ్లే ఉంటుంది. కాగితం వెనక్కి తీసుకుని చిరునామా రాసేచోట 'కె. రత్నమణి, టీచరు, చర్చి వీధి, జగ్గయ్యపేట' అని రాశాను. కొమ్ము ఒక్కటి కూడా వణకలేదు. కలం కింద పెట్టాక మాత్రం భయం ఒక్కసారిగా వచ్చి మీద పడింది. అన్నం, ఇల్లు, బడి, నెలాఖరు, అన్నీ గుర్తొచ్చాయి. రాసింది చెరిపేయమని అడగాలనిపించింది.

"వాణ్ణి పంపెయ్" అన్నాడు ఎస్సై కానిస్టేబులుతో.

స్తెఫను లేచి నా దగ్గరకొచ్చి నిలబడ్డాడు. "నేనే అని ఒప్పుకుందాం అనుకున్నానండి. మీరెందుకొచ్చారు?" అన్నాడు. వాడి చెంప మీద వాపు దగ్గర నుంచి చూస్తే ఇంకా ఎక్కువగా ఉంది.

"గేటు దగ్గర మీ అమ్మ ఉందిరా. ఎళ్లు" అన్నాను.

వాడు వెళ్లాక కానిస్టేబులు నన్ను గోడవార బెంచీ మీద కూర్చోమన్నాడు. ఎస్సై ఫోను చేసి ఎవరితోనో మాట్లాడాడు, నా పేరు విడమరిచి చెప్పాడు. తర్వాత 'నాపరాయి' తీసి నాలుగో పేజీ తిప్పాడు. చదువుతున్నంతసేపూ పెదాలు కదిలాయి. మూసేసి నా వైపు చూశాడు.

"మొత్తం మీద ఇది మంచి పత్రికేనంటారా?"

ఏమంటే ఆ కుర్రాళ్లకు మంచిది, ఏమంటే నాకు మంచిది అని ఆలోచించాను గానీ ఏమీ తోచలేదు. ఇక నాకు వచ్చిందే చెప్పాను.

"కాదండి. కానీ రెండో సంచిక రావాలి."

బెంచీ కింద నా కాళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి.