పలచన మందు

"మజ్జిగేనా ఇది, మజ్జిగ చెంబు కడిగిన నీళ్ళా?" అన్నారు ప్రకాశరావు మాస్టారు, అన్నంలో గుంట చేసి. ఆయన భార్య హైమావతి ఇంకో గరిటె పోసింది. కాస్త పెరుగు అయిదుగురికి పారాలంటే పలచన చెయ్యాలి. చేసిన మనిషి నలుగురిలో పలచన కావాలి. రేపల్లెలో ఆ ఇంటికి కోడలిగా వచ్చిన నాటినుంచి ఆమెకు తెలిసిన శాస్త్రం అదొక్కటే. "మా కోడలి చెయ్యి పడితే కృష్ణా కాలవ కూడా పలచనైపోద్ది" అని అత్తగారు కనకరత్నం పేరంటాల్లో చెప్పి నవ్వించేది.

ఆ చెయ్యే మాస్టారి ప్రాణానికి కాపలా. ఊళ్ళో రేషనుకైనా పంచదార దొరకని ఆ డెబ్భైల్లో ఆయన ఒంట్లో మాత్రం పుష్కలంగా ఉండేది. పదకొండేళ్ళుగా రోజూ పొద్దున్నే గాజు సిరంజి ఉడకబెట్టి, తడి ఇసుక కుండలోంచి ఇన్సులిన్ సీసా తీసి, గీతలు లెక్కపెట్టి గుచ్చేది. ఆయన మొహం గోడకు తిప్పుకుని, "నీకసలే లెక్కలు రావు, జాగ్రత్త" అనేవారు. హైస్కూల్లో లెక్కలు చెప్పే మనిషి. భగవద్గీత కంఠతా వచ్చు, ఎదుటివాళ్ళ నుదుటి గీతా చదవగలరు. సిరంజి గీత దగ్గరే చదువాగిపోయింది.

తర్వాత జబ్బు పిల్లికొచ్చింది. పేరు మీగడ. ఆ పలచన ఇంట్లో అదొక్కటే చిక్కటి పేరు. హైమావతి వచ్చిందని లేచి ఎదురొచ్చే ప్రాణీ అదొక్కటే. ఆగకుండా నీళ్ళు తాగడం, ఎముకలు తేలడం, తడిపినచోట చీమలు బారులు తీరడం చూసి ఆమెకు అర్థమైపోయింది. అన్నీ ఆయన గుర్తులే. బుట్టలో పెట్టుకుని బస్సెక్కి బాపట్ల తీసుకెళ్ళింది. పశువుల డాక్టరు అవునన్నాడు.

"దీనికి ఒక్క గీత చాలమ్మా, దాటితే దక్కదు. ఒక్క గీత కొలవడం కష్టం. ఒక పాలు మందులో తొమ్మిది పాళ్ళు సెలైన్ కలిపి వేరే సీసాలో పెట్టుకో. అందులోంచి పది గీతలు వెయ్యి."

పలచన చెయ్యమన్నాడు! హైమావతికి నవ్వొచ్చింది. జన్మలో మొదటిసారి తన విద్యకు సర్టిఫికెట్టు దొరికింది.

"పిల్లికి బిచ్చం పెట్టనివాణ్ణంటారు నన్ను. ఇప్పుడు ఏకంగా సూదులే!" అన్నారు మాస్టారు. రెండు నెలల్లో మీగడ తేరుకుంది.

అంతలో తెనాలిలో చెల్లెలు శివపార్వతికి కాన్పు కష్టమైందని కబురొచ్చింది. పొద్దున్నే మాస్టారికి సూది వేసి, "సాయంత్రం మీగడకి మీరే వెయ్యాలండి. ఎర్రదారం కట్టిన సీసా. పది గీతలు" అని రెండుసార్లు చెప్పి రైలెక్కింది.

మర్నాడు మొదటి రైలుకే తిరిగొచ్చింది. పొయ్యి పక్కన మీగడ కర్రలా బిగుసుకుపోయి ఉంది. ఎర్రదారం సీసా తూములో ఖాళీగా పడి ఉంది.

"నీళ్ళమందుకి రోగం కుదురుద్దటే?" అన్నారు మాస్టారు. "పారబోసి, నా సీసాలోంచి చిక్కటిదే వేశా. నువ్వు చెప్పినట్టే పది గీతలు. లెక్క తప్పలేదు."

పాలూ నీళ్ళూ కలిపే లెక్కలు ముప్పైయేళ్ళుగా చెబుతున్నారు. పిల్లలకు చెప్పిన లెక్క పిల్లికి అక్కరకు రాలేదు.

పాత చీర ముక్కలో చుట్టి, పెరట్లో తనే గొయ్యి తవ్వి పూడ్చి వచ్చేసరికి ఆయన చొక్కా చెయ్యి మడిచి, మొహం గోడకు తిప్పుకుని కూర్చున్నారు. "పిల్లేగా, పోతే పోయింది. నా సూదికి టైమైంది."

ఆమె సిరంజి ఉడకబెట్టింది. చల్లారాక, సీసాతో సహా ఆయన అరచేతిలో పెట్టింది.

"ఇదేంటి?"

"మీ సూదండి."

"నాకు చేతకాదని తెలుసుగా!"

"నిన్న చేతనైందిగదండీ."

మాస్టారు గోడమీంచి మొహం తిప్పారు. సిరంజిని కిటికీ వెలుగుకు పట్టుకున్నారు. "నాకెన్ని గీతలే?" గొంతు పలచగా వచ్చింది.

పదకొండేళ్ళు. తన ప్రాణం ఎన్ని గీతలో ఆయన ఒక్కనాడూ అడగలేదు.

"ఇరవై రెండండి. చిక్కటిదే."

మందు సరైన గీతకు వచ్చేదాకా ఎదురుగా నిలబడి చూసింది. చెయ్యి మాత్రం వెయ్యలేదు. తర్వాత వంటింట్లోకి వెళ్ళి, చుక్క నీరు పొయ్యకుండా మజ్జిగ చిలికి, మొదటి గ్లాసు తనే తాగింది.